మల్కాజ్‌గిరి జట్టు బిర్యానీకి వెళ్లిన రోజు

మా కాలేజీ ఖోఖో జట్టులో పన్నెండు మందిమి. ఆడేది తొమ్మిది మంది. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి అప్పుడప్పుడూ అవకాశం దొరికేది, మూడోదానికి అందరి చెప్పులు, సెల్‌ఫోన్లు, నీళ్ల సీసాలు కాపలా కాసే పని. ఆ మూడోది నేనే. నా పేరు శిరీష. మూడేళ్లలో నన్ను ఆ పేరుతో పిలిచింది హాజరు తీసుకునే లెక్చరర్లు మాత్రమే. మిగతా కాలేజీ మొత్తానికీ నేను సంచిని.

‘సంచీ, ఇటు రా.’ ‘సంచి ఏడికి పోయింది?’ ఇలా ఉండేది వరస.

నా భుజాన ఉండేది మామూలు సంచి కాదు లెండి. పాతిక కిలోల బియ్యం సంచిని మా అమ్మ సారలమ్మ కత్తిరించి, లోపల పాత నూలు చీర అస్తరు వేసి, పైన జిప్పు పెట్టి కుట్టింది. బియ్యం కంపెనీ వాళ్ల చిలక బొమ్మ కుట్టులో రెండు ముక్కలై తల ముందుకు, తోక వెనక్కు వచ్చింది. సీతాఫల్‌మండిలో మా ఇంటి గడప దాటి కూరగాయలకు వెళ్లినా, పరీక్షకు వెళ్లినా చిలక నా వెంట రావాల్సిందే.

అమ్మ పట్టుదలకు కారణం ఉంది. నా చిన్నప్పుడు ఊరికి వెళ్తుంటే బస్సు నడిరోడ్డు మీద చెడిపోయిందట. పైన మండే ఎండ, చేతిలో చుక్క నీళ్లు లేవు. నేను ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతే, పక్క సీటు ముసలామె తన మూట విప్పి గుప్పెడు అటుకులు, గ్లాసెడు నీళ్లు ఇచ్చిందట. అప్పటినుంచి అమ్మ ఖాళీ చేతులతో ఇల్లు కదల్లేదు, మమ్మల్ని కదలనివ్వలేదు. “తొవ్వ మన మాట ఇంటదా బిడ్డా? ఎప్పుడు ఆగుతదో, ఏడ ఆగుతదో. మన సంచన్న మన మాట ఇనాలె” అనేది.

అందులో ఏముండేవంటే, ఏముండేవి కావో చెప్పడమే తేలిక. తుడుచుకోవడానికి పాత చీర ముక్కలు, తడిసిన బూట్లలో కుక్కడానికి పాత పేపర్లు, కర్పూరం కరిగించిన కొబ్బరినూనె సీసా, పిన్నీసులు, వాము పొట్లం, ఫ్లాస్కు, ఏదో ఒక తిండి. ఒక చిన్న గుడ్డ మూటలో నాలుగు గవ్వలు, సుద్దముక్క, చింతగింజలు కూడా ఉండేవి. ఎక్కడైనా ఇరుక్కుపోతే అష్టాచెమ్మా ఆడుకోవడానికట. ఇరుక్కుపోయినవాళ్లకు ఆకలి కన్నా విసుగే ముందు వస్తుందని అమ్మ లెక్క.

మా కెప్టెన్ సుప్రజకు ఈ సంచి మహా వేడుక. వాళ్లది భీమవరం వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. “ఏమే సంచీ, లోపల గ్యాస్ సిలిండర్ కూడా ఉందా?” అనేది. అన్న మరు నిమిషమే జడకు రబ్బర్ బ్యాండ్ తెగితే చెయ్యి చాపేది. వెక్కిరించే నోరు, అడిగే నోరు వేరువేరుగా ఉండవు కదా. నేను పళ్లు నూరుకుంటూనే ఇచ్చేదాన్ని.

అసలు కోపం మాత్రం మా కోచ్ స్నేహలత మేడం మీద. ప్రతి మ్యాచ్‌కీ తొమ్మిది పేర్లూ చదివి, కాగితం మడిచి, “సంచీ, నువ్వు సామాన్ సూస్కో” అనేది. నేను ఆడలేనా? తార్నాక చౌరస్తాలో సాయంత్రం పూట బస్సులు, ఆటోలు, తోపుడుబండ్ల మధ్య ఇంత లావు సంచి భుజాన వేసుకుని, ఎవరికీ తగలకుండా, ఎవరినీ తగలనివ్వకుండా మూడేళ్లు రోడ్డు దాటినదాన్ని. తప్పించుకోవడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ప్రాక్టీసులో కూడా నన్ను ఒక గడిలో కూర్చోబెట్టి వదిలేస్తే నా పరుగు ఎవరికి తెలుస్తుంది?

ఆ ఏడాది మేం ఫైనల్‌కు వచ్చాం. కాలేజీల మధ్య పోటీ, యూనివర్సిటీ గ్రౌండ్‌లో, మల్కాజ్‌గిరి కాలేజీతో. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. అంటే నాకు అదే ఆఖరి మ్యాచ్. ఒక్కసారైనా ఆ గీతల మధ్య పరుగెత్తకుండా కాలేజీ వదిలి వెళ్లడం నాకు అవమానంగా ఉండింది. పొద్దున అమ్మ బియ్యప్పిండితో సర్వపిండి చేసి, వేడి వేడిగా గుడ్డలో చుట్టి సంచిలో పెడుతుంటే నాకు ఒళ్లు మండింది.

“నేను ఆడనీకి పోతున్ననా, హోటల్ పెట్టనీకి పోతున్ననా?”

“మొగులైంది బిడ్డా” అంది అమ్మ, కిటికీలోంచి మబ్బులు చూస్తూ. ఫ్లాస్కులో అల్లం చాయ్ పోసి మూత బిగించింది. “ఆడితె ఆడుతవ్. ఆడకపోతె తింటవ్.”

సంచి భుజాన వేసుకుని విసురుగా వచ్చేశాను.

మొదటి ఇన్నింగ్స్‌లో నన్ను దింపలేదు. అది ముగిసేసరికి మల్కాజ్‌గిరి వాళ్లు మూడు పాయింట్లు ముందున్నారు. సరిగ్గా అప్పుడే వాన దిగింది. ఒక మోస్తరు వాన కాదు, ఎదుటి పోల్ కనబడనంత వాన. రెండు జట్లూ పరుగున గ్యాలరీ కిందికి చేరాయి. పోటీ నడిపేవాళ్లు వచ్చి చెప్పారు: నాలుగింటిదాకా చూస్తారు. అప్పటికీ గ్రౌండ్ ఆటకు పనికిరాకపోతే మొదటి ఇన్నింగ్స్‌లో ముందున్న జట్టుకే కప్పు. ఆట జరిగి స్కోర్లు సమమైనా అదే రూలు.

మల్కాజ్‌గిరి అమ్మాయిలు ఎగిరి గంతేశారు. ఆకాశం చూస్తే రేపటిదాకా ఆగేలా లేదు. వాళ్ల మేనేజర్ పరుశురాం సార్ మంచి మనసున్న మనిషి, ఆనందం ఆపుకోలేకపోయాడు.

“గెలిచినట్టే గదా! గీడ కూసుని ఏం జేస్తరు? నడువుండ్రి, తార్నాకల బిర్యానీ. నేను తినిపిస్త!”

వాళ్లు వానలో ఈలలు వేస్తూ, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ వెళ్లిపోయారు. ఆ గుంపులో మా తొమ్మిది మందిలో ఆడే నవత కూడా ఉంది. వాళ్ల పెద్దమ్మ బిడ్డ ఆ జట్టులో ఆడుతుంది. “అక్క పిలుస్తున్నది, పోకపోతె ఏమనుకుంటది?” అంది. మన దగ్గర బిర్యానీకి పిలిస్తే, శత్రువు పిలిచినా కాదనే మనిషి పుట్టలేదు.

మేడం పోటీ నడిపేవాళ్లతో పోట్లాడడానికి ఆఫీసు గదికి వెళ్లింది. మా వాళ్లు తడిసి ముద్దై, మూతులు ముడుచుకుని కూర్చున్నారు. కాసేపటికి సుప్రజ లేచి బ్యాగు తీసుకుంది.

“నేను ఇంటికెళ్తున్నా. పది అడుగుల్లో ఇల్లు పెట్టుకుని ఈ తడి బట్టల్లో ఎంతసేపు కూర్చుంటాం? ఇంక ఆటా లేదు, గీటా లేదు.”

ఆమె కదిలితే అందరూ కదులుతారు. ఇద్దరు అప్పటికే బూట్లు చేతిలో పట్టుకున్నారు. వాన ఆగి, పిలిచేసరికి మేం లేకపోతే అంతే సంగతులు. నా ఆఖరి మ్యాచ్, నేను ఆడని మ్యాచ్, ఇంటికి వెళ్లిపోతోంది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ గొంతు, నాకే తెలియదు.

“కూసో!” అన్నాను.

సుప్రజ ఆగిపోయింది. కెప్టెన్‌ని అలా ఎవరూ అనలేదు, అందులోనూ నేను.

“నాలుగింటిదాక టైమున్నది. తడిసినమని పోతవా? తుడుచుకో. ఆకలైతున్నదా? తిను. బోర్ కొడుతున్నదా? దానికి కూడ ఉన్నది. గ్రౌండ్ వదిలి ఒక్కరు పోయినా ఊకోను.”

అని జిప్పు లాగాను.

ముందు చీర ముక్కలు బయటికి తీశాను. అమ్మ చీరలు ఉతికి ఉతికి మెత్తబడినవి. తల తుడుచుకుంటే నీళ్లన్నీ పీల్చేసుకుంటాయి. తరవాత పేపర్లు పంచాను. “ఉండలు జేసి బూట్లల్ల కుక్కుండ్రి” అన్నాను. ఎందుకని అడిగే ఓపిక కూడా లేక అందరూ కుక్కారు. నూనె సీసా మూత తీసేసరికి కర్పూరం వాసన గ్యాలరీ కిందంతా నిండింది. ఒకరి పిక్కలు ఒకరు రుద్దుకోవడం మొదలుపెట్టారు. చలికి బిగుసుకున్న కాళ్లు వదులయ్యాయి, దాంతో నోళ్లు కూడా వదులయ్యాయి.

సర్వపిండి మూట విప్పాక ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది. పల్లీలు, నువ్వులు, కరివేపాకు పంటికింద కరకరలాడుతుంటే సుప్రజ రెండో ముక్క కోసం చెయ్యి పెట్టింది.

“ఇదేంటే, మా తప్పాలచెక్కలా ఉంది!”

“మీదే మా సర్వపిండి లెక్కున్నది” అన్నాను. కడుపు నిండా తిననివ్వలేదు. తలా ఒకటిన్నర ముక్క, రెండు గుటకల చాయ్. ఆడాల్సినవాళ్లకు అంతే పెట్టాలని నాకనిపించింది.

తిన్నాక నేల మీద సుద్దతో అష్టాచెమ్మా గీశాను. నాలుగు గవ్వలూ దొర్లడం మొదలయ్యాక వాన సంగతి ఎవరికీ గుర్తు లేదు. కాయ చంపారని ఒకరు, దొంగాట అని ఒకరు, గ్యాలరీ కప్పు ఎగిరిపోయేలా అరుపులు. మేడం తిరిగొచ్చింది అప్పుడే. గొడుగు ఉన్నా సగం తడిసింది, మొహం ధుమధుమలాడుతోంది. పిల్లలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారని అనుకుని వచ్చినట్టుంది. పొడి తలలతో, నూనె కాళ్లతో, నవ్వుతూ కొట్లాడుకుంటున్న జట్టును చూసి మెట్టు మీదే నిలబడిపోయింది.

“ఇదంత ఏడిది?”

“సంచిది మేడం” అన్నారు అందరూ ఒక్కసారే.

ఫ్లాస్కులో అడుగున మిగిలిన చాయ్ మూతలో పోసి ఇచ్చాను. మేడం నావైపు చూస్తూ తాగింది. చాయ్ అయిపోయాక మూత చీర ముక్కతో తుడిచి మళ్లీ నా చేతికిచ్చింది.

నాలుగు కాకముందే వాన ఆగింది. హైదరాబాద్ వాన సంగతి తెలిసిందే, వచ్చేటప్పుడు చెప్పదు, పోయేటప్పుడూ చెప్పదు. పనివాళ్లు గ్రౌండ్ మీద నీళ్లు తోసి, బస్తాలకొద్దీ రంపపు పొట్టు చల్లారు. విజిల్ మోగింది. పరుశురాం సార్‌కు ఫోన్లు వెళ్లాయి. కాసేపటికి మల్కాజ్‌గిరి జట్టు ఆటోల్లో దిగింది. ఒకమ్మాయి చేతిలో ఇంకా లెగ్ పీస్ ఉంది. వాళ్లు నడుస్తున్న తీరు చూస్తే పెళ్లి విందు నుంచి వస్తున్నట్టుంది.

వాళ్ల వెనకాల మా నవత పొట్ట పట్టుకుని వచ్చింది.

“మేడం, నాతోని కాదు. డబుల్ కా మీఠా కూడ తిన్న.”

మేడం ఆమెను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిట్టడం అయ్యాక మిగిలిన మా ముగ్గురి వైపు చూసింది. 

“శిరీషని దింపండి మేడం” అంది సుప్రజ.

శిరీష ఎవరా అన్నట్టు ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఒట్టు, నేను కూడా చూశాను.

మేడం తల ఊపింది. ఇన్నాళ్లూ కోరుకున్నది అదే, అయినా నా నోటి నుంచి ముందు వచ్చిన మాట ఏంటో తెలుసా? “సామాన్ ఎవరు సూస్కుంటరు మేడం?”

స్నేహలత మేడం వంగి నా సంచి ఎత్తింది. బరువుకు ఒకవైపు ఒరిగి, సర్దుకుని, చిలక తల ముందుకు వచ్చేలా భుజాన వేసుకుంది. “నేను సూస్కుంట. నువ్వు పో” అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఏడ్చే టైమ్ లేదు. సుప్రజ సంచిలో చెయ్యి పెట్టి పిన్నీసులు తీసి, నా పొడుగు జడను పైకి మడిచి బిగించింది.

ముందు మేం తరమాలి, వాళ్లు పరుగెత్తాలి. ఒకేసారి ముగ్గురు చొప్పున దిగుతారు. అబ్బ, ఆ పరుగు చూడాలి! ఎంత గొప్ప రన్నర్లయినా ఫుల్ ప్లేటు బిర్యానీ తిని, పైన కూల్‌డ్రింక్ తాగాక ఏం పరుగెత్తుతారు? మా బూట్లు పొడిగా ఉన్నాయి, వాళ్లవి బురదలో చప్పుడు చేస్తున్నాయి. తొమ్మిది మందీ అయిపోయారు. మొదటి ముగ్గురూ మళ్లీ దిగి, వాళ్లూ దొరికిపోయారు. అందులో ఒకర్ని ముట్టుకున్నది నేనే. పన్నెండు పాయింట్లు. పాత మూడూ పోను తొమ్మిది ముందున్నాం.

తరవాత వాళ్లు తరిమే వంతు. తరమడంలో ఎవరూ ఎక్కువ దూరం పరుగెత్తక్కర్లేదు, నాలుగు అడుగులు వేసి ఖో ఇచ్చి కూర్చోవచ్చు. అందుకే కడుపులు బరువుగా ఉన్నా వాళ్లు మళ్లీ పులులయ్యారు. మా మొదటి ముగ్గురూ పోయారు. రెండో ముగ్గురూ పోయారు. మూడో జట్టుగా సుప్రజ, ఇంకో అమ్మాయి, నేను దిగాం. ఆ అమ్మాయి దిగీ దిగగానే జారి దొరికింది. సుప్రజ చాలాసేపు ఆడింది, చివరికి పోల్ దగ్గర వాళ్ల కెప్టెన్ చేతికి చిక్కింది. నేను సంచితో రోడ్డు దాటడం రోజూ తార్నాకలో చూసే మనిషి కదా, వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి అరిచింది.

“తార్నాక చౌరస్తా అనుకోవే!”

ఇక నేను ఒక్కదాన్నే. నేను దొరికితే స్కోరు సమం, సమమైతే కప్పు వాళ్లది. ఇంకా నిమిషం పైన ఉంది.

తరిమేవాళ్లు వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. పరుగెత్తేవాళ్లకు ఆ పట్టింపు లేదు. వరసగా కూర్చున్న అమ్మాయిలు నాకు ఆగి ఉన్న ఆటోల్లా కనిపించారు. సందు దొరికితే దూరడం, ఎదురొస్తే పక్కకు ఒదగడం, ఇంతే కదా నేను రోజూ చేసేది? పైగా ఈ రోజు భుజాన సంచి లేదు. అంత తేలిగ్గా నా ఒళ్లు నాకెప్పుడూ అనిపించలేదు. అటు దూరాను, ఇటు వచ్చాను. ఖో, ఖో అని వెనకాల అరుపులు వినిపిస్తున్నాయి. ఒకమ్మాయి లేచింది, రెండు అడుగులకే ఆయాసపడి ఖో ఇచ్చి కూర్చుంది. ఇంకొకతి లేచింది, నేను ఆమె చంక కింద నుంచి జారిపోయాను. నాకు నవ్వొచ్చింది. ఫైనల్ మ్యాచ్‌లో, అందరూ చూస్తుండగా, నేను నవ్వుతూ పరుగెత్తాను.

చివర్లో వాళ్ల కెప్టెన్ లేచింది. పొడుగాటి పిల్ల, నిజంగా మంచి ఆటగత్తె. నా వెనకాలే వచ్చి, ఇక లాభం లేదని గాల్లోకి దూకింది. ఆమె వేళ్లు నా వీపు దగ్గరి గాలిని కోసిన చప్పుడు విన్నాను. రోజూ నా జడ వేలాడే చోట. ఆ జడ ఇప్పుడు అమ్మ పిన్నీసులతో నా నెత్తిన ఉంది. ఆమె చేతికి ఏమీ దొరకలేదు. బోర్లా రంపపు పొట్టులో పడింది. విజిల్ మోగింది.

గెలిచాం! గెలిచామంటే గెలిచాం. అందరూ వచ్చి నా మీద పడ్డారు. నన్ను ఎత్తుకుని “సంచీ! సంచీ!” అని అరిచారు. గ్యాలరీలో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా అదే అందుకున్నారు. నాకు ఇంత కూడా కోపం రాలేదు, ఇంకా గట్టిగా అరవమని చెయ్యి ఊపాను. పైనుంచి చూస్తే స్నేహలత మేడం గీత వెంట పరుగెత్తుకుంటూ వస్తోంది. సంచి జిప్పు తెరుచుకుని, చీర ముక్కలు వేలాడుతూ, గవ్వలు ఒక్కొక్కటే రాలుతున్నా ఆమెకు తెలియలేదు.

వాళ్ల కెప్టెన్ పొట్ట పట్టుకుని ఒక పక్కన కూర్చుంది. వెళ్లి వాము పొట్లం ఇచ్చాను. ఆమె ముందు ఉడుక్కుంది, తరవాత చిటికెడు నోట్లో వేసుకుని, “నువ్వు ఇంతకుముందు ఎందుకు ఆడలే?” అని అడిగింది. మా మేడంని అడగమన్నాను.

కప్పు చేతికొచ్చేసరికి మళ్లీ చినుకులు మొదలయ్యాయి. ఎక్కడ పెట్టాలి, ఎలా తీసుకెళ్లాలి అని అందరూ తలా ఒక మాట అంటుంటే మేడం నా సంచి నేల మీద పెట్టి నోరు తెరిచి పట్టుకుంది. సర్వపిండి అయిపోయింది కదా, చోటు సరిగ్గా సరిపోయింది. చీర ముక్కలు చుట్టి లోపల పెట్టాం.

“ఇయ్యాల మీ ఇంట్ల ఉండనియ్ శిరీషా. రేపు కాలేజికి తే” అంది మేడం. సుప్రజ తార్నాక దాకా తను మోస్తానని చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. గెలిచామా ఓడామా అని అడగలేదు, తడిశానా అని తల తడిమింది. ఎప్పటిలాగే ఫ్లాస్కు కడగడానికి సంచి లాక్కుని జిప్పు తీసింది. పాత చీర మూట చేతికి బరువుగా తగిలింది. విప్పింది. వెండి రంగు కప్పు దీపం వెలుగులో మెరిసింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా మొహం చూసింది.

“ఇదేంది బిడ్డా? ఇది నేను పెట్టలే గదా.”

“నేను పెట్టిన అమ్మా” అన్నాను.